సుబ్బరత్నం పుట్టింటి ఉప్పు

వర్ని మండలంలో కాలువ పక్కనున్న ఒక క్యాంపుకు వెళ్ళి సుబ్బరత్నం ఇల్లెక్కడని అడిగితే, "ఉప్పు అమ్మమ్మ ఇల్లా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పేరు విని ఆమె ఉప్పు అమ్ముతుందనుకుంటే పొరపాటు. ఆమె ఉప్పు పంచుతుంది. పద్నాలుగు ఇళ్ళకు, ఏడాదికి సరిపడా, అడిగినా అడగకపోయినా పంచుతుంది. వద్దన్నవాళ్ళ గడపలో ఒక ఐదు నిమిషాలు నిలబడి, వాళ్ళచేత కావాలనిపించి మరీ వస్తుంది.

క్యాంపు అంటే అక్కడ గుడారాలేమీ లేవు. నిజాంసాగర్ కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి, భూములు కొనుక్కుని పాతుకుపోయిన రైతుల ఊళ్ళకు ఈ ప్రాంతంలో ఆ పేరు నిలిచిపోయింది. సుబ్బరత్నం భర్త రామకోటేశ్వరరావు తండ్రి అలా వచ్చినవాడే. నలభై నాలుగేళ్ళ కిందట సుబ్బరత్నం ఆ ఇంటికి కోడలై వచ్చింది. ఒంగోలు అవతల సముద్రం గాలి తగిలే ఊరు ఆమెది. ఇంటి వెనక కాస్త నడిస్తే ఉప్పు మడులు, ఇంకాస్త నడిస్తే అలలు. అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ దిగిన పిల్లకు మొదటి ఏడాదంతా ఏడుపే. కంటికి ఆనినంత మేర వరి, చెరకు, పసుపు తప్ప మరోటి లేదు.

తర్వాత సర్దుకుంది. జొన్నరొట్టె కొట్టడం నేర్చుకుంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా కమ్ముకునే ఘాటుకు తుమ్మడం మానేసింది. బోధన్ బజారులో బేరమాడేటప్పుడు "గిదేంది, గంత చెప్తున్నవ్?" అని ఇక్కడివాళ్ళకంటే గట్టిగా అనగలదు, ఇంటికి రాగానే పుట్టింటి యాస మళ్ళీ తొడుక్కుంటుంది. రెండే రెండు విషయాల్లో ఆమె ఈ నేలతో రాజీపడలేదు. ఒకటి చేప. కొత్తలో మంజీర చేపను ఒకసారి వండి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది చేపా, బురదా?" అని కంచం తోసేసింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో చేప వండలేదు. రెండోది ఉప్పు.

ఏటా చైత్రమాసంలో ఆమె తమ్ముడు ఒంగోలు బస్టాండులో రెండు బస్తాల ఉప్పు పార్సిల్ వేస్తాడు. సొంత మడుల్లో పండిన ఉప్పు. నిజామాబాద్‌లో దాన్ని దించుకుని, ఆటోలో వేయించుకుని రావడం రామకోటేశ్వరరావు పని. సుబ్బరత్నం దాన్ని డాబా మీద పాత చీరల మీద పరిచి, మట్టిబెడ్డలేరి, ఎండబెట్టి, జాడీలకెత్తి, ఆ తర్వాత ఇంటింటికీ పంచుతుంది. పచ్చడికి అదే, పప్పులోకి అదే, మజ్జిగలోకి అదే. ఆ నాలుగు రోజులూ రామకోటేశ్వరరావుకు డాబా ఎక్కే హక్కు ఉండదు. "ఈ ఇంట్లో నాకంటే ఉప్పుకు మర్యాద ఎక్కువ" అని ఆయన వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకుంటాడు.

ప్యాకెట్ ఉప్పంటే ఆమెకు ఎక్కడలేని చులకన. టీవీలో అయోడిన్ ఉప్పు ప్రకటన వస్తే చాలు, గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చి టీవీతోనే తగాదా పెట్టుకునేది. "అయోడిన్ పుట్టిందే సముద్రంలో కదయ్యా! నాకు మా ఊరి సముద్రమే వస్తుంటే, నువ్వు ప్యాకెట్‌లో పోసి నాకు అమ్మేదేంటి?" అనేది. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఎవరూ ఎదురుచెప్పలేకపోయారు. డిగ్రీ చదివిన కొడుకు సతీష్‌బాబు కూడా నిజమే కదా అనుకున్నాడు. కోడలు ఉదయలక్ష్మి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ప్యాకెట్ కొనుక్కొచ్చింది గానీ, అత్తగారు దాన్ని అంట్లు తోమే గట్టు మీద పెట్టడం చూసి, ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు.

పెళ్ళయిన నాలుగేళ్ళకు ఉదయలక్ష్మి నెల తప్పింది. సుబ్బరత్నం కాలు నేల మీద నిలవలేదు. ఊళ్ళో ఆశా కార్యకర్త స్నేహలత మూడో నెల దాటాక ఆమెను రక్త పరీక్షలకు తీసుకెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత ఆ కాగితాలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అమ్మా, రక్తం మంచిగనే ఉన్నది. షుగర్ లేదు. గీ థైరాయిడ్ ఒక్కటే జర తేడా చూపిస్తున్నది. మెడకాడ గూడ కొంచెం ఉబ్బినట్టు కొడుతున్నది. నిజామాబాద్‌ల పెద్ద డాక్టరమ్మకు చూపిచ్చుకోండ్రి. జల్ది పోండ్రి, కడుపుతోని ఉన్నది గద."

సుబ్బరత్నం ముందు భయపడింది. ఆ వెంటనే, భయపడ్డవాళ్ళలో చాలామంది చేసే పనే చేసింది: తప్పు ఎవరిదో వెతికింది. "మా వంశంలో థైరాయిడ్ మాటే లేదమ్మా. మా అత్తగారి వైపూ లేదు" అంది. అంటే ఇంక మిగిలింది ఎవరి వైపో అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ అర్థమైంది. ఉదయలక్ష్మి తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మరో రెండు రోజుల పాటు సుబ్బరత్నం ఫోన్‌లో తమ్ముడికీ, మరదలికీ, ఒంగోలు చుట్టాలకూ అదే మాట చెప్పింది. గోడ అవతల ఉదయలక్ష్మి అన్నీ విన్నది.

బతుకమ్మ పండగకు ముందు ఒక పొద్దున సతీష్‌బాబు కారు తీశాడు. బోధన్ మీదుగా, ఎడపల్లి దాటి, నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టర్ల బోర్డులన్నీ చదువుకుంటూ వెళ్ళి ఆస్పత్రి వెతుక్కున్నారు. డాక్టరమ్మ ఉదయలక్ష్మి మెడ మీద వేళ్ళు పెట్టి, గుటక మింగమంది. కాగితాలు తిరగేసింది. మరికొన్ని పరీక్షలకు రక్తం తీయించింది. సాయంత్రం దాకా ఆగమంది.

సాయంత్రం మళ్ళీ లోపలికి పిలిచారు. డాక్టరమ్మ రిపోర్టు చూస్తోంది. సుబ్బరత్నానికి ఆగలేదు. "మా వైపు ఎవరికీ లేదమ్మా ఇది. అమ్మాయి వాళ్ళ వైపు ఏమన్నా..." అని మొదలుపెట్టింది.

డాక్టరమ్మ తలెత్తి ఆమె వంక చూసింది. ముఖం వంక కాదు, మెడ వంక.

"అమ్మా, మీరు జర ఇట్ల రండి. ఈ స్టూల్ మీద కూర్చోండి. గుటక మింగండి."

సుబ్బరత్నం మింగింది. డాక్టరమ్మ వేళ్ళు ఆమె మెడకు రెండు వైపులా ఆగాయి. సుబ్బరత్నం మెడ నిండుగా ఉంటుంది. యాభై దాటాక ఇంకా నిండింది. కాసుల పేరు పెట్టుకుంటే బాగా అమరుతుందని చుట్టాలు మెచ్చుకునే మెడ అది. ఆమె దాన్ని ఒంటిపుష్టి అనుకుంది.

"ఇది ఎన్నేళ్ళ నుంచి ఉంది?"

"ఏది?" అంది సుబ్బరత్నం.

"ఈ వాపు. మీ కోడలికి ఉన్నదే మీకూ ఉంది. ఆమెకు కొంచెం, మీకు ఎక్కువ." డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. "మీ ఇద్దరిదీ ఒక రక్తం కాదు. ఇద్దరూ తినేది మాత్రం ఒకే వంట. వంశం సంగతి పక్కన పెట్టండి. మీ ఇంట్లో ఏ ఉప్పు వాడతారు?"

ఇంకెవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే సుబ్బరత్నం అరగంట మాట్లాడేది. అప్పుడు కూడా మాట్లాడింది గానీ, మొదలుపెట్టినంత గట్టిగా పూర్తిచేయలేకపోయింది. మడులు, తమ్ముడు, రెండు బస్తాలు, సముద్రంలోనే అయోడిన్ ఉంటుంది కదా అన్న మాట, అన్నీ చెప్పి, చివరికి "ఉండదా?" అని అడిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు సుబ్బరత్నం ఆమెను తర్వాత చాలాసార్లు తలుచుకుంది. "సముద్రం నీళ్ళలో ఉంటుందమ్మా, అది నిజమే. కానీ నీళ్ళు ఎండి ఉప్పు గడ్డకట్టేసరికి అందులో అయోడిన్ దాదాపు మిగలదు. అందుకే ఫ్యాక్టరీలో మళ్ళీ కలుపుతారు. సముద్రంలో ఉన్న అయోడిన్ మనకు అందేది చేపలతో, రొయ్యలతో. మీ ఊళ్ళో మీ అమ్మగారూ వాళ్ళూ అవి తినేవాళ్ళా?"

"రోజూ" అంది సుబ్బరత్నం. "ఇక్కడికొచ్చాక నేనే మాన్పించాను."

నలభై నాలుగేళ్ళు. సముద్రం ఇచ్చే మేలును అక్కడే వదిలేసి, మేలు లేనిదాన్ని బస్తాలకెత్తి మోయించుకుంది. ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు, ఆమెకే తట్టింది. తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ ఉదయలక్ష్మి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. మెడలో ఉండే ఆ గ్రంథి పనిచేయాలంటే అయోడిన్ కావాలి. అది చాలకపోతే ఉన్నదాన్నే ఒడిసిపట్టుకోవడానికి గ్రంథి పెరుగుతుంది, ఆ వాపు అదే. అందరి థైరాయిడ్‌కూ ఇదే కారణం కాదు; అందుకే వేరే కారణాలు ఉన్నాయేమోనని రక్తం మళ్ళీ చూసింది, అవేమీ కనపడలేదు. కడుపుతో ఉన్నప్పుడు అయోడిన్ మామూలుకంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే మొదటి నెలల్లో లోపలి బిడ్డకు సొంత గ్రంథి పనిచేయదు, తల్లి నుంచి వచ్చేదే దిక్కు. బిడ్డ మెదడు ఎదిగేది దాని మీదే.

మెదడు అన్న మాట దగ్గర సుబ్బరత్నం ఆగిపోయింది. మిగిలిన మాటలు ఆమెకు సరిగ్గా వినపడలేదు. ఏవో మాత్రలు రాసిస్తున్నారని, ఉప్పు మార్చమంటున్నారని, నెలకోసారి రక్తం చూపించుకోవాలని సతీష్‌బాబు పక్కన రాసుకుంటున్నాడు.

"ఇప్పటికే చెడు జరిగిపోయిందా అమ్మా?" అని ఆమె అడిగింది.

"తేడా కొంచెమే ఉంది. నాలుగో నెలలోనే దొరికింది. ఇలా దొరికినవాళ్ళలో చాలామందికి పిల్లలు చక్కగా పుడతారు. అలా అని ఇప్పుడే మాటివ్వలేను. బిడ్డ పుట్టాక మడమ దగ్గర ఒక చుక్క రక్తం తీసి చూద్దాం. అప్పుడు తెలుస్తుంది." లేవబోతుంటే డాక్టరమ్మ ఇంకో మాట అంది. "ఉప్పు ఎక్కువ వేయమని కాదు నేను చెప్పేది. అంతే ఉప్పు, వేరే ఉప్పు. ఎక్కువైతే అదీ మంచిది కాదు. అలాగే మీ మెడ కూడా స్కానింగ్ చేయిద్దాం, ఒక్కరిని చూసి పంపడం ఎందుకు?"

అంత విన్నా మర్నాడు పొద్దునకల్లా ఆమెలోని పాత సుబ్బరత్నం లేచి కూర్చుంది. డాక్టర్లకు మాత్రం అన్నీ తెలుస్తాయా? తమ్ముడు పండించే ఉప్పు సంగతి ఖలీల్‌వాడిలో కూర్చున్న మనిషికి ఏం తెలుసు? స్నేహలతను పిలిపించింది. ఉప్పును పరీక్షించే మందు సీసా ఒకటి ఆమె దగ్గర ఉందని విన్నది.

స్నేహలత వచ్చింది. ఆమె వెనకే గంగుబాయి కూడా వచ్చింది. గంగుబాయిది పక్క పొలం. ముప్పై ఏళ్ళ స్నేహం వాళ్ళది. గంగుబాయి పసుపు ఇస్తే సుబ్బరత్నం ఆవకాయ ఇస్తుంది, ఆవకాయతో పాటు ఒక సంచీడు ఉప్పు కూడా ఇస్తుంది.

"గిది ట్రైనింగ్‌ల ఇచ్చిండ్రమ్మా" అని స్నేహలత సీసా తీసింది. "ఉప్పు మీద ఒక్క సుక్క ఎయ్యాలె. అయోడిన్ ఉంటే ఊదా రంగు తిరుగుతది. లేకుంటే ఎట్లున్నది అట్లనే ఉంటది."

సుబ్బరత్నం జాడీలోంచి ఒక చెంచాడు ఉప్పు తెచ్చి, నూరి, పళ్ళెంలో పోసింది. స్నేహలత చుక్క వేసింది. అందరూ వంగి చూశారు. ఉప్పు తడిసింది. అంతే. తెల్లగా, అలాగే ఉంది.

"ఏంటే స్నేహలతా, ఆ సీసా ఎప్పటిది? పాతబడిపోయి ఉంటుంది" అంది సుబ్బరత్నం.

స్నేహలత నొచ్చుకుంది. "తారీఖు సూడండ్రి అమ్మా, ఇంక ఏడాదున్నది. నమ్మకుంటే వేరే ఉప్పు తెండ్రి, దాని మీద గూడ ఏద్దాం."

"నేను తెస్త ఆగు" అని గంగుబాయి ఇంటికి పోయి, ఒక మూత డబ్బా పట్టుకొచ్చింది. అందులోంచి చిటికెడు ఉప్పు అదే పళ్ళెంలో ఇంకో అంచున పోశారు. స్నేహలత చుక్క వేసింది. చుక్క పడ్డ చోట ఉప్పు నేరేడు పండు రంగుకు తిరిగింది.

పళ్ళెంలో ఒక పక్క తెలుపు, ఇంకో పక్క ఊదా. ఉదయలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. సుబ్బరత్నం ఆ ఊదా రంగును చూసింది, డబ్బాను చూసింది, గంగుబాయిని చూసింది.

"ఇది ప్యాకెట్ ఉప్పు కదే?"

"ప్యాకెట్‌దే అక్కా."

"మరి నేనిచ్చే ఉప్పు ఏం చేస్తున్నావ్?"

గంగుబాయి చీర చెంగు సర్దుకుంది. స్నేహలత వైపు చూసింది, అక్కణ్ణుంచి సాయమేమీ రాలేదు. "అక్కా, కోపం సేసుకోకు. నువ్వు గంత ప్రేమతోని ఇస్తివి, వద్దని ఎట్లంట? మొదట్ల పప్పుల ఏసిన. గా దొడ్డుప్పు ఓసారి ఉప్పగ, ఓసారి సప్పగ అయితుండె. మా ఇంటాయన తుకారాం కంచం ముంగట కూసోని తిట్టిండు. అప్పటిసంది... బర్లకు పెడుతున్న."

"ముప్పై ఏళ్ళ నుంచీ?"

"ఇరవై ఎనిమిది అయితదేమో" అంది గంగుబాయి నిజాయితీగా.

వెనక గదిలోంచి రామకోటేశ్వరరావు నవ్వు వినిపించింది. ఆయన ఆపుకోవాలనే చూశాడు, పాపం. ఆ నవ్వుకు స్నేహలత నవ్వింది, ఉదయలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చివరికి గంగుబాయి కూడా నవ్వింది. సుబ్బరత్నం నవ్వబోయి ఏడ్చింది. పళ్ళెం పక్కన అలాగే కూలబడి, "నా మాట విననిదానివి నువ్వొక్కదానివే బాగుపడ్డావే గంగూ. విన్నదానికి నేనేం చేశానో చూడు" అని కోడలి వైపు చెయ్యి చూపించింది. ఉదయలక్ష్మి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చీర చెంగుతో ఆమె కళ్ళు తుడిచింది. ఆ తుడవడమే సుబ్బరత్నానికి ఎక్కువ గుచ్చుకుంది.

"మీ వాళ్ళ మీద నేను వేసిన నింద..." అని సుబ్బరత్నమే అంది. "అది నేను వెనక్కి తీసుకోవాలి. మీ అమ్మకు ఫోన్ కలుపు."

ఉదయలక్ష్మి వద్దంది. సుబ్బరత్నం వినలేదు. వియ్యపురాలికి తనే చెప్పుకుంది. ఆవిడకు ఈ నింద సంగతే తెలియదట. కూతురు చెప్పలేదు.

మనిషి తప్పు తెలుసుకోవడం ఒకటి, దాన్ని ఊరంతా తిరిగి చెప్పుకోవడం ఇంకొకటి. సుబ్బరత్నం రెండోది కూడా చేసింది. తను ఉప్పు పంచిన పద్నాలుగు ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళింది. ఈసారి సీసా పట్టుకున్న స్నేహలతను వెంట పెట్టుకుంది. కొందరు ఇబ్బందిగా విన్నారు, కొందరు "అబ్బే, మేం ప్యాకెట్ కూడా కలుపుకుంటున్నాంలే" అని ఆమె మనసు కుదుటపరిచారు. ఈ ఊళ్ళో తన ఉప్పును మర్యాదగా పక్కన పెట్టినవాళ్ళు గంగుబాయి ఒక్కతే కాదని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇంకో రోజైతే తల తీసేసినట్టు బాధపడేది. ఆ రోజు ప్రతి ఇంటి దగ్గరా ఊపిరి పీల్చుకుంది.

శ్యామలమ్మ ఒక్కావిడ మాత్రం మొండికేసింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, వాళ్ళదీ కోస్తానే. "ఇన్నేళ్ళు తిన్నాం. మాకేమైందే రత్నం?" అంది.

సుబ్బరత్నం ఆమె ముందు గడప మీద కూర్చుని, గడ్డం పైకెత్తి, మెడ చూపించింది. "ఇదిగో, ఇదైంది. చెయ్యి పెట్టి చూడు. కాసుల పేరుకు బాగుంటుందని నువ్వే కదా మెచ్చుకున్నావ్! మీ మనవరాలు వచ్చే ఏడు కాపురానికి వెళ్ళే పిల్ల. దానికి నా ఉప్పు పెట్టకు."

శ్యామలమ్మ చెయ్యి పెట్టి చూసింది. లోపలికి వెళ్ళి, ఆ ఉప్పు జాడీ తెచ్చి గడప బయట పెట్టింది.

సుబ్బరత్నం మెడలో గడ్డలేమీ లేవని స్కానింగ్‌లో తేలింది. అన్నేళ్ళ వాపు పూర్తిగా తగ్గకపోవచ్చు గానీ భయం లేదన్నారు. ఆమె ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆమె లెక్క అంతా ఉదయలక్ష్మి రక్తంతోనే. కొత్త ఉప్పును మూత డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించే ముందు వేయడం అలవాటు చేసుకుంది. ఎండా వేడీ తగిలితే అయోడిన్ తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున మాత్ర పరగడుపున వేసుకుందా లేదా అని కోడలి వెంటపడేది. శనివారాలు బోధన్ నుంచి ఐసు పెట్టెలో సముద్రపు చేప తెప్పించి, తన నోటికి అలవాటు తప్పిన పులుసు మళ్ళీ పెట్టింది. మొదటి నెల పరీక్షలో తేడా తగ్గింది. రెండో నెలకు ఉండాల్సిన చోటికి వచ్చింది. ఉదయలక్ష్మి మెడ కూడా మామూలైంది. ఇంట్లో అందరూ తేలికపడ్డారు, సుబ్బరత్నం తప్ప. ఆమెను తినేస్తున్నది ఆ మొదటి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో లోపల ఏం జరిగిందో ఏ పరీక్షా వెనక్కి వెళ్ళి చూడలేదు కదా అని ఆమె బాధ. ఎవరితోనూ అనలేదు. రామకోటేశ్వరరావుకు తెలుసు, ఆయన ఆ రోజుల్లో వేళాకోళం మానేశాడు.

ఫిబ్రవరి చివర, నిజామాబాద్ మార్కెట్ యార్డు దారులన్నీ పసుపు బస్తాల బండ్లతో కిక్కిరిసి ఉన్న రోజుల్లో, ఉదయలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కొంచెం తక్కువ. పుట్టగానే ఆస్పత్రి వరండా అంతా వినపడేలా ఏడ్చింది. రామకోటేశ్వరరావు చేతులు చాచి తీసుకున్నాడు, సతీష్‌బాబు తీసుకున్నాడు, వియ్యపురాలు తీసుకుంది. గంగుబాయి బస్సెక్కి వచ్చి మరీ ఎత్తుకుని, "అచ్చం నీ లెక్కనే ఉన్నది అక్కా, గీ ముక్కు సూడు" అంది.

సుబ్బరత్నం ఎత్తుకోలేదు. ఉయ్యాల పక్కన నిలబడి చూసేది. దుప్పటి సర్దేది. ఒళ్ళు తుడవడానికి వేడినీళ్ళు తెచ్చి ఇచ్చేది. ఎవరైనా చేతికివ్వబోతే "చేతులు తడిగా ఉన్నాయి" అనేది, లేకపోతే "నడుం నొప్పి" అనేది. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజుకు వియ్యపురాలి ముఖం మారింది, ఆడపిల్ల అని ఇష్టం లేదేమోనని. ఉదయలక్ష్మి తల్లికేసి చూసి, వద్దన్నట్టు తలాడించింది. అత్తగారి సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

నాలుగో రోజు నర్సు వచ్చి బిడ్డ మడమ తుడిచి, సూదితో గుచ్చి, కాగితం మీద రక్తపు చుక్కలు పట్టింది. బిడ్డ ఏడుస్తుంటే సుబ్బరత్నం గది బయటికి వెళ్ళిపోయింది. రిపోర్టు రేపు మధ్యాహ్నం వస్తుందన్నారు. మర్నాడు అన్నం తినమంటే ఆకలి లేదంది. వరండాలో బెంచీ మీద కూర్చుని, ఆస్పత్రి కౌంటర్ వైపే చూస్తూ, రెండు గంటలు కదల్లేదు.

రెండున్నరకు సతీష్‌బాబు కాగితం పట్టుకుని వచ్చాడు. అతని వెనకే, వార్డు చూడ్డానికి బయలుదేరిన డాక్టరమ్మ కూడా వచ్చింది. కాగితం అతని చేతిలోంచి తీసుకుని చూసింది. సుబ్బరత్నం లేచి నిలబడింది గానీ దగ్గరికి రాలేదు.

"ఏం లేదమ్మా" అంది డాక్టరమ్మ. "అంతా మామూలుగా ఉంది. గ్రంథి చక్కగా పనిచేస్తోంది. చూపు, వినికిడి, కదలికలు, అన్నీ నేను చూశాను, ఎక్కడా తేడా లేదు. అందరు పిల్లల్లాగే ఎదుగుతుంటే చూసుకుంటూ ఉండడమే."

"ఆ మొదటి నాలుగు నెలలు..." అంది సుబ్బరత్నం.

"నాకు భయపడాల్సింది ఏమీ కనపడలేదు. మీరూ భయపడకండి."

సుబ్బరత్నం బెంచీ మీద కూర్చుండిపోయింది. ఐదు నెలలుగా గుండెల మీద కూర్చున్నది ఒక్కసారిగా లేచి వెళ్ళిపోతే మనిషికి బలం చాలదు. రామకోటేశ్వరరావు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. తాగింది, సగం చీర మీద పోసుకుంది.

లోపల మంచం మీద ఉదయలక్ష్మి అన్నీ వింది. కొత్త బాలింత, లేవద్దని తల్లి అంటున్నా మెల్లిగా లేచి, బిడ్డను తీసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"అత్తయ్యా, ఇప్పుడు చేతులు తడిగా లేవుగా?" అంది. "తీసుకోండి."

సుబ్బరత్నం రెండు చేతులూ చాచింది. బిడ్డ బరువు మోచేతుల మీద పడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. బిడ్డ కళ్ళు తెరిచి, ఆ ఏడుస్తున్న ముఖాన్ని ఒక క్షణం చూసి, తనూ గొంతెత్తి ఏడుపు అందుకుంది. ఇద్దరి ఏడుపుతో వరండా దద్దరిల్లుతుంటే పక్క గదుల వాళ్ళు తొంగి చూశారు.

"బాగున్నావే తల్లీ" అని ఆమె బిడ్డ చెవిలో అంటూనే ఉంది. "నువ్వు బాగున్నావు. బాగున్నావే."